ఇస్త్రీ బట్టల కింద చరిత్ర

‘నేను చూసింది పోయేలోగా రాయించాలమ్మా’ అని ఓ పెద్దాయన అడిగాడు. ‘అలాగే, వస్తాలెండి’ అంది టీచరమ్మ. ఆమె వెళ్లేసరికి ఆయన మరణశయ్య మీదున్నాడు. చెప్పాల్సింది చెప్పలేకపోయాడు. ఆ ఒక్క ఆలస్యం ఆమెను జీవితమంతా వెంటాడింది. ఆమె పేరు జువానిటా బ్రూక్స్.

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో వర్జిన్ నది ఒడ్డున మెస్కీట్ అనే ఊరుంది. అప్పట్లో అది చిన్న పల్లె. అక్కడి బళ్లో జువానిటా పాఠాలు చెబుతున్న రోజులవి. నీఫై జాన్సన్ అనే వృద్ధుడు ఓరోజు బడికే వచ్చి తన మనసులో మాట చెప్పాడు. పిల్లలు, పరీక్షలు, ఇంటి పనులు... ఇవాళ రేపు అనుకుంటూనే ఆమెకు రోజులు గడిచిపోయాయి. చివరికి 1919లో కబురందుకుని వెళితే, ఆయన మగతలో ‘రక్తం... రక్తం’ అని కేకలు పెడుతున్నాడు. ఏ రక్తం? ఎవరిది? ఊళ్లో పెద్దవాళ్లకు తెలుసు. ఎవరూ నోరు విప్పరు.

ఆ ప్రాంతమంతా మార్మన్లది. జోసెఫ్ స్మిత్ 1830లో స్థాపించిన క్రైస్తవ శాఖ వాళ్లది. 1844లో ఆయన్ని అల్లరిమూక కాల్చి చంపింది. 1847లో బ్రిగమ్ యంగ్ వాళ్లను పశ్చిమాన సాల్ట్ లేక్ లోయకు నడిపించాడు. 1861లో చర్చి 309 కుటుంబాలను ఎంపిక చేసి, దక్షిణ యూటా ఎడారికి వెళ్లి పత్తి పండించమంది. అలా పుట్టిన ఊరే సెయింట్ జార్జ్. ఎర్రటి కొండలు, మండే ఎండలు. ఎన్నిసార్లు ఆనకట్ట కట్టినా వరదకు కొట్టుకుపోయేది. మళ్లీ కట్టుకునేవాళ్లు.

ఇన్ని పాట్లలోనూ వాళ్లు ఓ అలవాటు వదల్లేదు. అదే డైరీ రాయడం! జరిగింది రాసిపెట్టాలన్నది ఆ చర్చి పుట్టిననాటి నియమం. రాళ్లు కొట్టే చార్లెస్ వాకర్ కూడా రాశాడు. సెయింట్ జార్జ్ దేవాలయానికి రాళ్లు చెక్కినవాళ్లలో ఆయనొకడు. 1854 నుంచి 1899 దాకా ఆయన రాసుకున్న డైరీల్లో ఎండా వానా, పనీ పాటా, ఊళ్లో పెళ్లిళ్లూ చావులూ అన్నీ ఉంటాయి. ఏ ప్రభుత్వ రికార్డులో దొరుకుతాయివి?

కాకపోతే రాసినవాళ్లు పోయాక ఆ పుస్తకాలు పెట్టెల్లోకీ అటకల మీదికీ చేరాయి. అడిగితే ఇవ్వరు. తాతగారి చేతిరాత కదా!

1930ల్లో మాంద్యం వచ్చింది. పనుల్లేని జనానికి ప్రభుత్వం ఉపాధి పథకాలు పెట్టింది. అప్పటికి సెయింట్ జార్జ్‌లో స్థిరపడిన జువానిటాకు అదే దారి చూపింది. డైరీ అరువు తేవడం, టైపు కొట్టించడం, అసలు ప్రతిని ఆ ఇంటికే తిరిగిచ్చేయడం... ఇదీ పద్ధతి. ఊళ్లో ఆడవాళ్లకు నాలుగు డాలర్లొచ్చాయి. అటక మీది చరిత్రకు నకలు మిగిలింది. డైరీ పోతుందన్న భయం లేకపోవడంతో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తర్వాత 1940ల్లో ఆమె కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీ కోసమూ ఇలాగే కాగితాలు సేకరించింది.

ఇదంతా తీరిగ్గా చేసిన పనేం కాదు. మొదటి భర్త పెళ్లయిన కొద్దికాలానికే క్యాన్సర్‌తో పోయాడు, చంకలో పసివాడు. 1933లో విల్ బ్రూక్స్‌ను పెళ్లాడేసరికి ఆయనకు అప్పటికే నలుగురు కొడుకులు. ఆ తర్వాత మరో నలుగురు పిల్లలు పుట్టారు. ఇంతమంది ఉన్న ఇంట్లో గృహిణి కూర్చుని రాసుకుంటోందంటే ఇరుగుపొరుగు ఏమనుకుంటారు? అందుకే ఇస్త్రీ బట్టలు దగ్గరే పెట్టుకునేది. ఎవరైనా వస్తే రాతపని వాటి కింద మాయం. వాళ్లు వెళ్లాక మళ్లీ టైపు మిషన్ టకటక!

అసలు కథ ఊళ్లో ఎవరూ నోరు విప్పి చెప్పనిది. 1857 సెప్టెంబరులో, సెయింట్ జార్జ్ పుట్టడానికి నాలుగేళ్ల ముందు, ఆర్కన్సా నుంచి కాలిఫోర్నియా వెళుతున్న బళ్ల బిడారు ఒకటి మౌంటెన్ మెడోస్ అనే పచ్చికబయలులో ఆగింది. స్థానిక మార్మన్ సాయుధ దళం, కొందరు పయూట్ ఆదివాసులను కలుపుకుని దాన్ని ముట్టడించింది. తెల్లజెండా చూపి, ప్రాణాలకు హామీ ఇచ్చి, బయటికి రప్పించి, సెప్టెంబరు 11న చంపేశారు. మొత్తం మృతులు సుమారు 120 మంది. 17 మంది చిన్నపిల్లల్ని మాత్రం వదిలేశారు. ఇరవయ్యేళ్ల తర్వాత, 1877లో, జాన్ డి. లీ అనే ఒక్కడికే శిక్ష పడింది. అదే చోట కాల్చి చంపారు. మిగతావాళ్లలో చాలామంది ఊళ్లలో కాపురాలు చేసుకున్నారు, డైరీలు రాసుకున్నారు. నీఫై జాన్సన్ ఆ రోజు అక్కడున్నవాడే. తన సొంత తాత డడ్లీ లెవిట్ పేరు కూడా ఆ ఘటనతో ముడిపడి ఉందని జువానిటాకు తెలిసింది.

అయినా ఆగలేదు. కొన్ని వాంగ్మూలాలు చూపించమంటే చర్చి పెద్దలు నిరాకరించారు. దొరికిన కాగితాలతోనే రాసింది. ‘ద మౌంటెన్ మెడోస్ మాసకర్’ పేరుతో 1950లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చు వేసింది. ఒక్క లీ చేసిన పని కాదని, స్థానిక నాయకులకు అందులో పాత్ర ఉందని అది తేల్చింది. ఊళ్లో కొందరు ముఖం తిప్పుకున్నారు. చర్చి ఆమెను వెలి వేయలేదు, ఆమె చర్చిని వదల్లేదు. ఆదివారం ప్రార్థనకు వెళ్లడమూ మానలేదు.

1955లో లీ డైరీలు ఆమె సహసంపాదకత్వంలో వెలువడ్డాయి. 1961లో చర్చి లీ సభ్యత్వాన్ని పునరుద్ధరించింది. అతను చనిపోయిన 84 ఏళ్లకు!

జువానిటా 1989లో కన్నుమూసింది. ఆ మరుసటి ఏడాది సెప్టెంబరులో మౌంటెన్ మెడోస్‌కు ఎదురుగా ఉన్న గుట్ట మీద హతుల పేర్లు చెక్కిన గ్రానైట్ ఫలకాన్ని ఆవిష్కరించారు. ఆ కార్యక్రమానికి చనిపోయినవాళ్ల వారసులూ వచ్చారు, లీ వారసులూ వచ్చారు.