మార్కెట్టు లెక్కయు, ఇంటి లెక్కయు

వార్తాపత్రికలలో షేరు మార్కెట్టు వార్తలకు ప్రత్యేకముగా చోటు కేటాయింపబడి యుండుట మనము చూచుచున్నాము. సెన్సెక్సు ఇన్ని పాయింట్లు పెరిగినదనియో, తగ్గినదనియో అందు పెద్ద అక్షరములతో ప్రకటింతురు. టెలివిజనులో నైతే ఆ అంకె నిముషనిముషమునకును మారుచుండును. ఎదిగిన పిల్లలు దీనిని చదివి, దేశము బాగుపడుచున్నదా యని మనలను అడుగుదురు. సమాధానము చెప్పుటకు ముందు ఆ అంకె దేనిని కొలుచునో తెలిసికొనుట అవసరము.

సెన్సెక్సు అనునది బొంబాయి షేరు మార్కెట్టులోని 30 పెద్ద కంపెనీల షేర్ల ధరలనుబట్టి కట్టిన సూచిక. 1978-79 సంవత్సరపు స్థాయిని 100గా నెంచి, 1986 నుండి దీనిని ప్రకటించుచున్నారు. ఆ కంపెనీలు మున్ముందు ఎంత లాభము నార్జింపగలవని మదుపుదారులు తలచుచున్నారో అది చెప్పును. కూలి పెరిగినదో లేదో, కందిపప్పు ధర యెంతో, ఎందరికి పని దొరకినదో చెప్పుటకు అది యేర్పడలేదు. కావున దోషము అంకెది కాదు. ఆ యొక్క అంకెనే దేశమునకు నాడిగా చూపుటలో నున్నది.

ఈ భేదము 2020లో స్పష్టముగా గోచరించినది. ఆ యేడు మార్చి 23న సెన్సెక్సు సుమారు 25,981కి పడిపోయినది. మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. భివండిలో మరమగ్గములు ఆగినవి. షోలాపురములో మన తెలుగు స్త్రీలెందరో నమ్ముకొన్న బీడీల పని నిలిచినది. పని పోయిన వలసకూలీలు బిడ్డల నెత్తుకొని వందలాది మైళ్లు నడచి స్వగ్రామములకు మరలిరి. ఏప్రిల్ మొదలు జూన్ వరకు గల మూడు నెలలలో దేశపు స్థూలోత్పత్తి, క్రిందటి యేటి అవే నెలలకన్న సుమారు 24 శాతము తగ్గినట్లు ప్రభుత్వమే ప్రకటించినది. అయినను 2021 జనవరి 21న సెన్సెక్సు మొదటిసారిగా 50,000 దాటినది. పది నెలలలో దాదాపు రెట్టింపు! నడచిపోవువారి ఛాయాచిత్రములను పత్రికలు ప్రచురింపకపోలేదు. కాని ఆ బాధ ఒక పుటలోను, మార్కెట్టు సంబరము వేరొక పుటలోను ఉండెను. రెండును ఆర్థికవార్తలేయని కలిపి చెప్పుట అరుదు.

నాటి 30 కంపెనీలలో సిగరెట్లు తయారుచేయు పెద్ద కంపెనీ యొకటి కలదు. వేయి బీడీల కింతయని కూలి పుచ్చుకొని ఇంట కూర్చుండి చుట్టు స్త్రీకి ఆ సూచికలో తావు లేదు.

ఇట్లు జరుగుటకు కారణములు రెండు. మార్కెట్టు వార్తలు చదువువారు మదుపుదారులు. ప్రకటన లిచ్చువారికి కావలసినవారును వారే. రెండవది, మార్కెట్టు అంకె క్షణములో దొరకును. ఇంటి ఖర్చుల అంకె దొరకదు. కుటుంబముల ఖర్చులపై 2011-12 తరువాత 2017-18లో సర్వే జరిగినను, దాని ఫలితములను ప్రభుత్వము విడుదల చేయలేదు. 2022-23 సర్వే ఫలితములు 2024లో గాని వెలువడలేదు.

సగటు అను మాటయు మనలను మోసగింపవచ్చును. ఒక వీథిలో పది యిండ్లున్నవనుకొందము. తొమ్మిదింటికి నెలకు 10,000 రూపాయలు, ఒక యింటికి 1,10,000 వచ్చుచున్నచో, సగటు 20,000. మరుసటి యేడు ఆ యొక్క యింటి ఆదాయము 1,60,000 అయినచో సగటు 25,000 అగును. వీథి ఆదాయము 25 శాతము పెరిగినదని వార్త వచ్చును. తొమ్మిది యిండ్ల పొయ్యి మీద మాత్రము మార్పు లేదు.

పత్రికలు తలచుకొన్నచో ఈ లోపమును తీర్పగలవు. మద్రాసున తెలుగు కుటుంబములో జన్మించిన పాలగుమ్మి సాయినాథ్, ఒరిస్సా, తమిళనాడు మొదలగు రాష్ట్రములలోని మిక్కిలి పేద జిల్లాలలో తిరిగి వ్రాసిన వార్తలను ఒక పెద్ద ఇంగ్లీషు దినపత్రికయే ప్రచురించినది. అవి 1996లో గ్రంథరూపమున వెలువడినవి. 2007లో ఆయనకు మెగసెసే బహుమానము లభించినది.

తల్లిదండ్రులకు మా మనవి యిది. దేశమంతయు బాగుపడుచుండగా మన యిల్లొక్కటే వెనుకబడినదని, దోషము మన నాన్నదేయని పిల్లవాడు తలచుట కంటె హాని లేదు. ఆర్థికవార్త చదివినప్పుడు వానిచేత మూడు ప్రశ్నలు వేయింపుడు: ఇది యెవరి ఆదాయము? ఇది సగటా, అందరికిని వచ్చినదా? ఇందు లెక్కకు రానివారెవరు? ఈ మూడింటిని అడుగ నేర్చిన పిల్లవాడు పత్రికను చదువ నేర్చినట్లే.