మురడి నడక: మన ఎండ ముందు ఏ ఫోనైనా ఒకటే

బెంచ్‌మార్క్‌లు చూసీ చూసీ బోర్ కొట్టింది. అందుకే శ్రావణ శనివారం తెల్లవారుజామున నాలుగింటికి రాయదుర్గం నుంచి మురడి ఆంజనేయస్వామి గుడికి ఒంటరిగా నడక మొదలుపెట్టా. మురడి, నేమకల్లు, కసాపురం: శ్రావణంలో ఈ మూడు గుళ్లూ ఒకే రోజు దర్శించుకోవడం మా వైపు ఆనవాయితీ. మూడు విగ్రహాలూ వ్యాసరాయలు ప్రతిష్ఠించినవే అంటారు. మూడూ తిరగాలంటే బండి కావాలి. నడకకి నాకు మురడి ఒక్కటే చాలు.

అలిపిరి దారిలో 3,550 మెట్లున్నా పైన కప్పు, పక్కన కొళాయి ఉంటాయి. ఇక్కడ ఎర్రమట్టి, వేరుశనగ చేలు, ఎండ, అంతే. మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో పెట్టుకున్నా. జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు కదా, సిగ్నల్ పోయినా నీలం చుక్క కరెక్టుగానే కదిలింది.

పది దాటాక మొదలైంది అసలు కథ. ఫోన్ చేతిలో, బ్రైట్‌నెస్ ఫుల్, పైగా పవర్ బ్యాంక్ తగిలించా. ముందు స్క్రీన్ మసకబారింది, తర్వాత ఛార్జింగ్ ఆగింది, చివరికి వేడి వార్నింగ్ ఇచ్చి ఫోనే ఆఫ్! ఐఫోన్‌ని 35 డిగ్రీలు దాటని చోటే వాడమని యాపిలే చెబుతుంది. నేరుగా ఎండ తగిలే గ్లాసు అంతకంటే ఎక్కువే కాలుతుంది. తప్పు నాదే.

సరిగ్గా దారి రెండుగా చీలేచోట నిలబడ్డా. బాటిల్‌లో రెండు గుక్కల నీళ్లు. గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన కనిపించాడు.

"తాతా, మురడికి ఎట్ల పోవల్ల?"

కర్రతో ఎడమవైపు చూపించాడు. "ఈ ఎండకా వచ్చేది నాయనా? చల్లపొద్దుకే చేరుకోవల్ల."

వేపచెట్టు నీడలో కేస్ తీసి పెడితే కాసేపటికి ఫోన్ ఆన్ అయింది. ఈసారి స్క్రీన్ ఆపేసి, ట్రాక్ రికార్డింగ్ ఒక్కటే ఉంచి, సంచిలో వేసుకుని నడిచా. మళ్లీ వార్నింగ్ రాలేదు. మీరు వెళితే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ వద్దు, 10,000 చాలు. మిగిలిన బరువుకి నీళ్లు పట్టుకెళ్లండి.