యుద్ధం రాకముందే సిద్ధపడే దేశం – ఫిన్లాండ్



పని ముంచుకొచ్చాక హడావుడి పడేవాళ్ళను చూసి మన పెద్దలు "యుద్ధకాలే శస్త్రాభ్యాసం" అంటారు. రేపు పరీక్ష అనగా ఈ రాత్రి పుస్తకం తెరిచిన మమ్మల్ని చూసి మా వార్డెన్ గారు కూడా ఎన్నోసార్లు ఈ మాటే అన్నారు. ఈ మాటకు పూర్తిగా విరుద్ధంగా నడిచే దేశం ఒకటుంది. అదే ఫిన్లాండ్.

పీజీలో నాకు సెమినార్ అంశంగా ఫిన్లాండ్ రక్షణ విధానం వచ్చినప్పుడు, ఆ దేశం పటంలో ఎక్కడుందో కూడా నాకు సరిగా తెలియదు. సెలవులకు ఇంటికి వెళితే మా నాన్న, "ఆ చలి దేశం సంగతి మనకెందుకురా?" అన్నారు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. చదివినది నాన్నకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే, అది నాకూ అర్థం కానట్లే. ఆయనకు చెప్పిన విషయాలనే ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాను.

ఒంటరి పోరు

ఫిన్లాండ్ ఐరోపాకు ఉత్తరాన ఉంది. జనాభా సుమారు 56 లక్షలు. తూర్పున రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు. వంద సంవత్సరాలకు పైగా రష్యా చక్రవర్తి పాలనలో ఉండి, 1917 డిసెంబర్ 6న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది.

1939 నవంబర్ 30న సోవియట్ సేనలు ఫిన్లాండ్‌పై దాడి చేశాయి. అప్పటి ఫిన్లాండ్ జనాభా 40 లక్షల లోపే. నానాజాతి సమితి సోవియట్ యూనియన్‌ను బహిష్కరించింది గాని, దానివల్ల యుద్ధం ఆగలేదు. పొరుగున ఉన్న స్వీడన్ నుంచి వేలాది మంది స్వచ్ఛందంగా వచ్చారు, ఆయుధాలు వచ్చాయి. కానీ స్వీడన్ సైన్యం మాత్రం కదలలేదు. గడ్డకట్టే చలిలో ఫిన్లాండ్ 105 రోజులు పోరాడింది. దీనినే చరిత్రలో "శీతాకాల యుద్ధం" అంటారు.

1940 మార్చి 13న పోరు ఆగింది. ఫిన్లాండ్ స్వాతంత్ర్యం నిలుపుకుంది, కానీ భూభాగంలో దాదాపు పదో వంతు పోగొట్టుకుంది. కరేలియా ప్రాంతం నుంచి నాలుగు లక్షల మందికి పైగా ఇళ్ళు, పొలాలు వదిలి రావలసి వచ్చింది. వారిలో వీపురి పట్టణంలో పుట్టిన ఒక పసివాడు కూడా ఉన్నాడు. పేరు మార్టీ అహ్తిసారి. పెద్దయ్యాక దేశాధ్యక్షుడయ్యాడు. దేశాల మధ్య సంధి కుదిర్చినందుకు 2008లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు.

పోయిన భూమిని తిరిగి పొందాలని ఫిన్లాండ్ 1941లో జర్మనీ సరసన మళ్ళీ యుద్ధానికి దిగింది. 1944లో ఓడింది. ఆ భూమి మళ్ళీ పోయింది, పైగా 30 కోట్ల డాలర్ల యుద్ధ పరిహారం మీద పడింది. ఆ బాకీని 1952 నాటికి తీర్చేసింది. నిర్వాసితులకు పొలాలు ఇవ్వడానికి 1945లో చట్టం చేసి, ప్రభుత్వ భూములతో పాటు పెద్ద భూస్వాముల భూములను కూడా సేకరించింది. గూడు పోయినవాడికి గూడు, పొలం పోయినవాడికి పొలం దక్కాయి కాబట్టే ఆ దేశం లోలోపల చీలిపోలేదని నా అభిప్రాయం.

అందరి బిడ్డలూ ఒకే బ్యారక్‌లో

ఆ అనుభవం నుంచి ఫిన్లాండ్ నేర్చుకున్న మొదటి పాఠం, రక్షణ అంటే సైనికుడి పని ఒక్కటే కాదని. ఈ విధానాన్ని వాళ్ళు "సమగ్ర భద్రత" అంటారు. ప్రభుత్వం, సైన్యం, వ్యాపార సంస్థలు, స్వచ్ఛంద సంఘాలు, మామూలు కుటుంబాలు అన్నింటికీ ఇందులో పాత్ర ఉంది.

18 ఏళ్ళు నిండిన పురుషులందరికీ జాతీయ సేవ తప్పనిసరి. సైనిక శిక్షణ బాధ్యతను బట్టి 165, 255 లేదా 347 రోజులు ఉంటుంది. స్త్రీలు 1995 నుంచి స్వచ్ఛందంగా చేరవచ్చు. ఆయుధం పట్టడం మనస్సాక్షికి విరుద్ధమనుకునేవారు 347 రోజుల పౌరసేవ చేయాలి. రెండూ కాదంటే శిక్ష తప్పదు. శిక్షణ ముగిశాక ఎవరి పనికి వారు వెళ్ళిపోతారు, కానీ రిజర్వు బలగంలో ఉంటారు. యుద్ధమే వస్తే 2,80,000 మందితో సైన్యం నిలబడుతుంది. రిజర్వులో ఉన్నవారందరినీ లెక్కిస్తే ఎనిమిది లక్షలు దాటుతారు.

ఇక్కడే మా నాన్న నన్ను ఆపి, "మంత్రి కొడుకు కూడా పోవాల్సిందేనా?" అని అడిగారు. ఆరోగ్యం సరిగా ఉంటే మంత్రి కొడుకైనా, రైతు కొడుకైనా చట్టం ఒకటే అన్నాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. మా ఊళ్ళో పట్టాళంలో చేరినవాళ్ళంతా ఇల్లు గడవక చేరినవాళ్ళే. అందుకే ఆయనకు ఆ ప్రశ్న వచ్చింది. ఒకే గదిలో పడుకుని, ఒకే మెస్‌లో తిని పెరిగిన మనకు కూడా ఈ సంగతి విలువ వేరే చెప్పనక్కరలేదు.

గిడ్డంగులు, బంకర్లు

మన హాస్టల్లో నెల మొదట్లోనే స్టోర్ రూమ్‌కు బియ్యం చేరాయో లేదో చూసుకుంటాం కదా! ఫిన్లాండ్‌లో దేశమంతటికీ ఆ పని చేయడానికి జాతీయ అత్యవసర సరఫరా సంస్థ ఉంది. తిండిగింజలు, ఇంధనం, మందులు నెలల తరబడి సరిపడేలా నిల్వ ఉంచే ఏర్పాట్లు ఉన్నాయి. ప్రతి కుటుంబం కనీసం 72 గంటలు బయటి సహాయం లేకుండా గడపగలిగేలా నీళ్ళు, ఆహారం, మందులు, టార్చిలైటు, బ్యాటరీ రేడియో దగ్గర ఉంచుకోవాలని అధికారులు చెబుతారు.

దేశంలో 50 వేలకు పైగా రక్షణ గృహాలున్నాయి. వాటిలో సుమారు 48 లక్షల మంది తలదాచుకోవచ్చు. పెద్ద భవనాలు కడితే వాటితో పాటు రక్షణ గృహం కూడా కట్టాలని చట్టం ఉంది. ఇవి తాళాలు వేసి, బూజు పట్టించే గదులు కావు. రాజధాని హెల్సింకిలో కొండరాతిని తొలిచి కట్టిన ఒక రక్షణ గృహం మామూలు రోజుల్లో ఈత కొలను. అవసరం వస్తే ఇలాంటివాటిని 72 గంటల్లో సిద్ధం చేయాలి. మన కోస్తాలో తుఫాను షెల్టర్లలో బడులు నడిచినట్లే ఇదీ.

పొరుగువారి తోడు

రెండవ పాఠం, ఎంత సిద్ధపడినా ఒంటరితనం ప్రమాదమేనని. కానీ దీనిని ఆచరించడానికి చాలాకాలం పట్టింది. 1948లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుని, పెద్ద పొరుగుకు కోపం రాకుండా దశాబ్దాల పాటు ఆచితూచి నడిచింది. 1995లో ఐరోపా యూనియన్‌లో చేరింది. 2009లో స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఐస్‌లాండ్‌లతో కలిసి నార్డిక్ రక్షణ సహకార వేదికను ఏర్పరచుకుంది.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి దాడికి దిగింది. అక్కడ వైద్యవిద్య చదువుతున్న మన తెలుగు పిల్లలు సరిహద్దులు దాటి ఇళ్ళకు చేరిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అవే రోజుల్లో ఫిన్లాండ్ ప్రజల మనసు మారింది. అంతకుముందు నాటో కూటమిలో చేరాలన్నవారు నాలుగో వంతు మాత్రమే. కొద్ది వారాల్లోనే వారు సగం దాటారు. మే నెలలో పార్లమెంటు 188–8 ఓట్లతో ఆమోదించింది. 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ నాటోలో 31వ సభ్యదేశమైంది. 1939లో సైన్యాన్ని పంపని స్వీడన్ కూడా 2024 మార్చి 7న అదే కూటమిలో చేరింది. ఇప్పుడు ఒకరిపై దాడి జరిగితే అందరిపై జరిగినట్లే.

2024 డిసెంబర్ 25న ఫిన్లాండ్, ఎస్తోనియాల మధ్య సముద్రగర్భంలోని విద్యుత్ కేబుల్ దెబ్బతింది. ఫిన్లాండ్ అధికారులు అనుమానిత నౌకను ఆపి దర్యాప్తు చేశారు. మరుసటి నెలలోనే నాటో దేశాలు బాల్టిక్ సముద్రంలో గస్తీ పెంచాయి. తోడు ఉండడమంటే ఇదే.

నాణేనికి రెండో వైపు

అయితే దీనికి మూల్యం లేకపోలేదు. 2023 చివర్లో ఫిన్లాండ్ తూర్పు సరిహద్దు దారులు మూసేసింది. దాంతో రష్యాలో బంధువులున్న కుటుంబాలకు రాకపోకలు కష్టమయ్యాయి. మందుపాతరలను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం నుంచి వైదొలగాలని 2025లో పార్లమెంటు నిర్ణయించింది. మందుపాతర సైనికుడి కాలికీ, పసిపిల్ల కాలికీ తేడా చూడదు. భయం ఎంత మంచి దేశం చేతనైనా ఎలాంటి పనులు చేయిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అంతా విన్నాక మా నాన్న ఒకే మాట అన్నారు: "దాచుకునేది ఉన్నవాడే కాపలా కాస్తాడురా. వాళ్ళకు ఆ దేశం తమదనిపించింది." సెమినార్‌లో నేను పది నిమిషాల్లో చెప్పింది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశారు. భూమి, చదువు, గౌరవం అందరికీ అందితే అందరూ దేశానికి అండగా నిలుస్తారు. ఫిన్లాండ్ మనకు చెప్పే అసలు పాఠం ఇదేనని నమ్ముతున్నాను.

– ఎం.ఏ. రాజనీతి శాస్త్రం, హాస్టల్ పూర్వ విద్యార్థి