ఇంగ్లీషు కర్మణి ప్రయోగం: కర్త కనబడని వాక్యాన్ని చదవడం ఎలా?

బ్యాంకు నుండి గాని, బీమా సంస్థ నుండి గాని, పరీక్షల విభాగం నుండి గాని వచ్చే ఇంగ్లీషు కాగితాలలో ఒక విశేషం ఉంటుంది. పని కనబడుతుంది, ఆ పని చేసినవారు కనబడరు. 'పాసివ్ వాయిస్' అని పిల్లలు బడిలో వల్లె వేసే పాఠం ఇదే. తెలుగు వ్యాకరణంలో దీనిని కర్మణి ప్రయోగం అంటారు. ఇది మార్కుల కొరకే కాక, ఇంటికి వచ్చిన కాగితాన్ని సరిగా అర్థం చేసుకొనడానికి కూడ అవసరమైన పాఠం.

'ది మేసన్ బిల్ట్ ది వాల్' అంటే మేస్త్రీ గోడ కట్టాడు అని అర్థం. ఇందులో కర్త మేస్త్రీ, కర్మ గోడ. కర్త ముందుండి నడిపే ఇటువంటి వాక్యం కర్తరి ప్రయోగం. 'ది వాల్ వాజ్ బిల్ట్ బై ది మేసన్' అన్నప్పుడు గోడ ముందుకు వచ్చింది. మేస్త్రీ 'బై' అనే మాట వెనుకకు వెళ్ళాడు. ఆ 'బై ది మేసన్' తీసివేసినా వాక్యం చెడదు. కర్త తప్పుకొనడానికి దారి ఇక్కడే ఏర్పడుతున్నది.

సరిహద్దు గ్రామాల పిల్లలకు ఈ నిర్మాణం కొత్తది కాదు. తెలుగులో 'చేయబడింది', తమిళంలో 'సెయ్యప్పట్టదు', కన్నడంలో 'మాడల్పట్టితు' అంటాము. మూడింటిలోను సాయపడే క్రియ 'పడు' అన్నదే. ఒడియాలో 'కరాగలా', మరాఠీలో 'కేలే గేలే' అనేచోట 'వెళ్ళు' అనే అర్థంగల క్రియ సాయపడుతుంది. ఇంగ్లీషులో ఆ పని చేసేది 'ఉండు' అనే అర్థంగల 'బి' క్రియ. దాని రూపాలే యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్ అనేవి.

నిర్మాణం

సూత్రం ఒక్కటే: 'బి' క్రియకు తగిన రూపం, దాని తరువాత ప్రధాన క్రియ మూడవ రూపం. రైట్, రోట్, రిటెన్ అనే మూడింటిలో 'రిటెన్' మూడవది. కనుక 'ది లెటర్ వాజ్ రిటెన్' అనాలి గాని 'వాజ్ రోట్' అనరాదు. ప్రధాన క్రియ మారదు, కాలాన్ని బట్టి 'బి' భాగమే మారుతుంది. దరఖాస్తు పరిశీలనను ఉదాహరణగా తీసుకొందాము.

'ది అప్లికేషన్ ఈజ్ చెక్డ్': పరిశీలించడం ఆనవాయితీ.
'ఈజ్ బీయింగ్ చెక్డ్': పరిశీలన జరుగుతున్నది, ఇంకా ముగియలేదు.
'వాజ్ చెక్డ్': గతంలో పరిశీలించారు.
'హాజ్ బీన్ చెక్డ్': పరిశీలన పూర్తి అయినది.
'విల్ బి చెక్డ్': ఇక ముందు పరిశీలిస్తారు.
'మస్ట్ బి చెక్డ్': తప్పక పరిశీలించాలి.

కర్మ లేని క్రియలకు కర్మణి ప్రయోగం ఉండదు. గో, కమ్, స్లీప్, హాపెన్ అటువంటివి. 'యాన్ యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్' అని పలువురు వ్రాస్తారు, అది తప్పు. 'యాన్ యాక్సిడెంట్ హాపెన్డ్' అన్నదే ఒప్పు. దీనికి ఎదురుగా, 'నేను పుట్టాను' అని మనం కర్తరిలో చెప్పే మాటను ఇంగ్లీషు కర్మణిలో చెబుతుంది. 'ఐ వాజ్ బార్న్' అనాలి, 'ఐ యామ్ బార్న్' అనకూడదు. ఇంటర్వ్యూకు వెళ్ళే యువకులు గుర్తుంచుకొనవలసిన మాట ఇది.

అనువాదంలో జాగ్రత్త

'ది బ్రిడ్జ్ వాజ్ బిల్ట్ ఇన్ 1998' అన్న వాక్యాన్ని 'వంతెన 1998లో కట్టబడింది' అని తెలుగు చేయవచ్చును. కాని మన ఇళ్ళలో 'ఆ వంతెన 1998లో కట్టారు' అంటాము. 'వారు' ఎవరో చెప్పకుండానే క్రియకు బహువచనం చేర్చడం తెలుగు పద్ధతి. కావున ప్రతి పాసివ్ వాక్యానికి 'బడు' తగిలించనక్కరలేదు.

ఉపయోగం, అపాయం

కర్త ఎవరో తెలియనప్పుడు, చెప్పనక్కరలేనప్పుడు ఈ ప్రయోగం సహజమైనది. సైకిలు పోయినప్పుడు 'మై సైకిల్ వాజ్ స్టోలెన్' అనడంలో దోషం లేదు, దొంగ ఎవరో తెలియదు కదా! 'పేరెంట్స్ ఆర్ రిక్వెస్టెడ్ టు అటెండ్' అనేది మర్యాద కొరకు వ్రాసేది. అయితే బాధ్యతను కనబడకుండా చేయడానికి కూడ ఇదే ప్రయోగం పనికివస్తుంది. 'యువర్ అప్లికేషన్ హాజ్ బీన్ రిజెక్టెడ్' అన్న వాక్యంలో తిరస్కరించినది ఎవరో, ఏ కారణం చేతనో లేదు. వ్యాకరణరీత్యా ఆ వాక్యం పరిపూర్ణమే, చదివినవారికి మాత్రం సమాచారం సగమే అందింది.

కాలాన్ని పొరబడితే నష్టం మరింత ఎక్కువ. 'యువర్ లోన్ విల్ బి శాంక్షన్డ్ ఆఫ్టర్ వెరిఫికేషన్' అంటే, విచారణ ముగిసిన తరువాత అప్పు మంజూరు చేస్తారని మాత్రమే. 'హాజ్ బీన్ శాంక్షన్డ్' అంటేనే మంజూరు అయినట్లు. మొదటి కాగితాన్ని రెండవదిగా భావించి, విత్తనాలకో పెళ్ళికో చేబదులు తెచ్చుకొన్న కుటుంబం చిక్కులలో పడుతుంది.

కావున ఇంగ్లీషు కాగితం చేతికి అందినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకొనాలి. పని ఏది? అది జరిగినదా, జరుగుతున్నదా, జరగబోతున్నదా? చేసినవారెవరు? మొదటి ప్రశ్నకు మూడవ రూపంలోని క్రియ, రెండవదానికి 'బి' భాగం జవాబు చెబుతాయి. మూడవదానికి 'బై' అనే మాట వెనుక వెదకాలి. అక్కడ ఏమీ లేకపోతే కార్యాలయాన్నే అడగాలి. ప్రభుత్వ కార్యాలయాలు తమ పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను, వాటి ప్రభావానికి లోనైనవారికి తెలియజేయాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నిర్దేశిస్తున్నది. కర్త లేని వాక్యంతో తృప్తిపడి ఊరకుండవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఇంట్లో పదవ తరగతి చదివే పిల్లవాడో పిల్లో ఉంటే, వచ్చిన కాగితాన్ని వారి చేతికిచ్చి ఈ మూడు ప్రశ్నలు అడగండి. పరీక్షకు అభ్యాసమూ అవుతుంది, ఇంటి పనీ నెరవేరుతుంది.