గీత పోగొట్టబోయి పూత పోగొట్టుకోవద్దు

డుంబ్రిగుడ: చాపరాయి, అరకు దారుల్లో తిరిగే కార్లకు కొమ్మలు గీసుకోవడం పరిపాటి. సన్నని గీతలను ఇంటివద్దే తొలగించుకోవచ్చు. అయితే రంగుకు రక్షణగా ఉండే క్లియర్‌కోట్‌ పూత మందం సుమారు 50 మైక్రాన్లే. గోరు తగులుకునేంత లోతైన గీతను రుద్దరాదు. దానిని పెయింటింగ్‌ షెడ్డుకు వదిలేయడమే మేలు.

కారును నీడలో నిలిపి, ఇసుక లేకుండా కడగాలి. 2000 నంబరు వాటర్‌పేపరును నానబెట్టి, రబ్బరు దిమ్మకు చుట్టి, నీరు పోస్తూ తేలికగా రుద్దాలి. అంచుల వద్ద పూత పలుచన కనుక తాకరాదు. కారే నీటిలో బండి రంగు కనిపిస్తే పూత అరిగిపోయినట్లే, వెంటనే ఆపాలి. తెల్లకార్లకు ఈ ఆనవాలు తెలియదు కనుక మరింత జాగ్రత్త అవసరం.

మసకబారిన చోట రబ్బింగ్‌ కాంపౌండు, ఆపై పాలిష్‌ మెత్తని గుడ్డతో పట్టిస్తే మెరుపు వస్తుంది. అరిగిన పూత మాత్రం తిరిగిరాదు.