ఆరోగ్య పాఠం ఒక్క సైన్సు పీరియడుదేనా?

ఆరోగ్యానికి సంబంధించిన సమాచారాన్ని వెతికి చదవడం, అందులో నమ్మదగినదేదో తేల్చుకోవడం, తేల్చుకున్నదాన్ని నిత్యజీవితంలో పాటించడం – ఈ మూడూ కలిసిన సామర్థ్యాన్ని ఆరోగ్య అక్షరాస్యత అంటారు. ఉన్నత పాఠశాలల్లో దీన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా నేర్పాలన్న విషయంలో కొన్ని అపోహలు బలంగా పాతుకుపోయాయి.

అపోహ: ఆరోగ్యం గురించి చెప్పవలసింది జీవశాస్త్ర ఉపాధ్యాయుడే.

వాస్తవం: తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలు వంకరపోయే వ్యాధి, నల్లగొండ ప్రాంతాన్ని తరతరాలుగా పీడించిన ఫ్లోరోసిస్‌నే తీసుకుంటే, గ్రానైట్ శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి ఎలా చేరుతుందో చెప్పేది భూగోళ పాఠం, లీటరుకు 1.5 మిల్లీగ్రాములన్న గరిష్ఠ పరిమితితో ఊరి బోరునీటి పరీక్ష ఫలితాన్ని పోల్చడానికి కావలసింది దశాంశాల లెక్క. కాచిన నీటిలో క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదని, నీరు కొంత ఆవిరైపోవడం వల్ల దాని గాఢత ఇంకాస్త పెరుగుతుందని, పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ ఒకటి ఉందని వివరించవలసింది భౌతిక రసాయన శాస్త్రం. కృష్ణా జలాలను గొట్టాల ద్వారా ఊళ్లకు తేవలసిన అవసరం ఎందుకు వచ్చిందన్నది సాంఘిక శాస్త్రం చర్చించే ప్రశ్న. ఒకసారి వంకరపోయిన ఎముక మళ్లీ తిన్నబడదు కనుక ఈ వ్యాధికి నివారణ తప్ప వేరే దారి లేదు. ఆ నివారణ ఏ ఒక్క పాఠ్యపుస్తకంలోనూ పూర్తిగా ఇమడదు. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కూడా ప్రతి పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులకు ఆరోగ్య బోధన బాధ్యత అప్పగించాలని చెప్పింది.

అపోహ: సిలబస్ పూర్తిచేయడానికే సమయం చాలనప్పుడు ఇది అదనపు భారం.

వాస్తవం: ఉన్న పాఠానికే ఉదాహరణ మారుతుంది తప్ప కొత్త పాఠం చేరదు. విరేచనాలైనప్పుడు ఇచ్చే ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీటిలో కలపాలని దానిమీదే రాసి ఉంటుంది. అదే పొడిని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే గాఢత ఎన్ని రెట్లవుతుందన్నది విలోమానుపాతం పాఠంలో చక్కగా ఇమిడే లెక్క. అయిదు రెట్లని విద్యార్థి తేల్చిన తరువాత, పలుచని ద్రావణం నుంచి చిక్కని ద్రావణంలోకి నీరు ప్రవహించే ద్రవాభిసరణాన్ని సైన్సు తరగతిలో గుర్తుచేస్తే, ఆ చిక్కని ద్రావణం శరీరంలోని నీటినే పేగుల్లోకి లాగి పసిబిడ్డ ప్రాణానికి ముప్పు తెస్తుందన్న సంగతి అతనికి జీవితాంతం గుర్తుంటుంది.

అపోహ: ఐరన్ మాత్రలు పంచి మింగిస్తే రక్తహీనత సమస్య తీరిపోతుంది.

వాస్తవం: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల బాలికల్లో 59 శాతం మందికి, బాలురలో 31 శాతం మందికి రక్తహీనత ఉంది. వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కడుపులో తిప్పిందనో, మలం నల్లబడిందనో భయపడి దాన్ని పారవేసే పిల్లలకు, ఆ నలుపు శరీరం పీల్చుకోని ఇనుము వల్ల వచ్చేదేనని, అది హానికరం కాదని ముందే తెలిసి ఉండాలి. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందని, వెంటనే టీ తాగితే ఇనుము సరిగా ఒంటపట్టదని, జామ, ఉసిరి, నిమ్మ వంటివి అది ఒంటపట్టడానికి తోడ్పడతాయని కూడా చెప్పాలి. ఫోలిక్ ఆమ్లం వెలికితీతలో, తయారీలో ప్రధాన పాత్ర వహించిన శాస్త్రవేత్త భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితం భాషా తరగతిలో చదివిన పిల్లలు ఆ మాత్రను పరాయి వస్తువుగా చూడరు.

అపోహ: నీతివాక్యాలు, గోడపత్రికలు ఉంటే అలవాట్లు వాటంతటవే మారతాయి.

వాస్తవం: తెలిసినంత మాత్రాన ఆచరణ రాదు. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలని బోధించే బడిలో కుళాయి దగ్గర సబ్బు, మరుగుదొడ్డిలో నీరు లేకపోతే, పాఠం తప్పని పిల్లలు ప్రతి మధ్యాహ్నమూ నేర్చుకుంటారు. అందువల్ల ఈ బోధన ప్రణాళికలో తరగతి గదితోపాటు ఆ కుళాయికి, దానిపక్కన పెట్టవలసిన సబ్బుకు కూడా నిధి కేటాయించి తీరాలి.