కరిగే తీగ నుంచి ఎంసీబీ దాకా

పటాన్‌చెరు ఫ్యాక్టరీల కార్మికులు అద్దెకుండే చిట్కుల్ లాంటి ఊళ్లలో, పాత గదుల మెయిన్ దగ్గర ఉండేది పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజు. గ్రిప్పు ఊడదీస్తే రెండు స్క్రూల మధ్య తగరం పూత పూసిన సన్నటి రాగి తీగ. 5 ఆంపియర్లకు దాని మందం 0.2 మిల్లీమీటర్లు, 15కు 0.5. గోడలోని వైరు కాలకముందే కరిగిపోవడం దాని పని. మాటిమాటికీ ఫ్యూజు కొట్టేస్తోందని విసిగి, వైరులోంచి నాలుగు పోగులు లాగి చుట్టేస్తారు. ఇక ఆ ఇంట్లో ఫ్యూజు లేనట్టే. షార్టయితే కాలేది గోడలోని వైరే.

పిడుగుల నుంచి టెలిగ్రాఫు ఆఫీసులను కాపాడేందుకు సన్నటి తీగ వాడమని ఫ్రాన్సులో బ్రెగే 1847లోనే సూచించాడు. ఎడిసన్ ఫ్యూజు బ్లాకుకు 1890లో పేటెంటు పొందాడు. కరిగిన తీగ మార్చే బాధ తప్పించింది మాత్రం జర్మనీలోని మన్‌హైమ్‌లో ఉన్న హ్యూగో స్టాట్జ్ కంపెనీ. 1924లో అది పేటెంటు చేసిన పరికరమే నేటి ఎంసీబీకి, అంటే మినియేచర్ సర్క్యూట్ బ్రేకర్‌కు, మూలం.

పాడైన ఎంసీబీని విప్పి చూడండి. రెండు లోహాలు అతికించిన పట్టీ ఒకటి ఉంటుంది. ఓవర్‌లోడైతే వేడెక్కి ఒక పక్కకు వంగి గొళ్లెం తప్పిస్తుంది. నిదానంగానే సుమా: 16 ఆంపియర్ల ఎంసీబీ 18 దగ్గర గంటసేపు పడకుండా నిలవాలి, 23 దగ్గర గంటలోపు పడిపోవాలి. షార్ట్ సర్క్యూట్‌కు అంత వ్యవధి లేదు. అప్పుడు పక్కనున్న రాగి చుట్ట అయస్కాంతమై గొళ్లేన్ని క్షణంలో తప్పిస్తుంది. కాంటాక్టులు విడిపోతుంటే మధ్యలో ఆర్క్ లేస్తుంది. దాన్ని వరసగా పేర్చిన ఇనప పలకల్లోకి నెట్టి, ముక్కలు చేసి ఆర్పేస్తారు. ఎంసీబీ మొత్తంలో నాకు ముచ్చటేసే భాగం ఆ పలకలే.

పాశమైలారం ఫ్యాక్టరీ షెడ్లలో మోటారు స్టార్టయ్యేటప్పుడు ఆరేడు రెట్ల కరెంటు లాగుతుంది. 3 నుంచి 5 రెట్లకే పడే బి రకం ఎంసీబీ అక్కడ నిలవదు. సి గానీ డి గానీ వేయాలి. వేల వోల్టుల దగ్గర ఇనప పలకలూ చాలవు. గాలి పూర్తిగా తీసేసిన సీసాలో కాంటాక్టులు విడిపోయే వాక్యూమ్ బ్రేకర్లు కావాలి. ఆ దగ్గర్లోనే ఉన్న రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ వాటిని తయారుచేసింది.

ఇవన్నీ కాపాడేది వైరును, మనిషిని కాదు. ప్రాణం తీయడానికి మిల్లీఆంపియర్లే చాలు; ఎంసీబీకి అవి లెక్కలోకే రావు. వెళ్లిన కరెంటులో 30 మిల్లీఆంపియర్లు తిరిగి రాకపోయినా తెంపేసేది ఆర్‌సీసీబీ. గదులు అద్దెకిచ్చేవాళ్లు ముందు దాన్ని పెట్టించాలి.